పాత పీహెచ్‌పీ అప్లికేషన్‌ని కొత్త సర్వర్‌కి మార్చడం: అరిచే తప్పులు, అరవని తప్పులు

ముందు ప్రశ్నని నాకు అర్థమైనంతలో మళ్లీ చెప్తాను. ఒక పాల సహకార సంఘానికి 2012లో ఎవరో రాసిచ్చిన వెబ్ అప్లికేషన్ ఉంది. ఏ రైతు ఏ పూట ఎన్ని లీటర్లు పోశాడు, ఫ్యాట్ ఎంత, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాని ఘనపదార్థం) ఎంత, పదిహేను రోజులకి బిల్లు ఎంత, అన్నీ అందులోనే. సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్ సెంట్‌ఓఎస్ 6, అప్లికేషన్ రాసిన భాష పీహెచ్‌పీ 5.3, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 5.1. రాసినాయన ఇప్పుడు ఫోన్ ఎత్తడు. హార్డ్‌డిస్క్ శబ్దం చేస్తోంది. మేనేజర్ గారేమో "కొత్త సర్వర్ కొన్నాం కదా, ఫోల్డర్ కాపీ చేసి పెట్టేయ్, రెండు రోజుల పని" అంటున్నారు. మీరు అలాగే కాపీ చేశారు. తెల్ల పేజీ వచ్చింది. ఎలాగో ఒక పేజీ తెరిపిస్తే రైతుల పేర్లన్నీ చెత్త అక్షరాలు. ఇక దీన్ని పడేసి లారావెల్ అనే పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్‌లో మొత్తం కొత్తగా రాయాలా అని అడుగుతున్నారు.

వద్దు. రాయాలని ఉంటే తర్వాత రాయండి. పన్నెండేళ్ల పాటు ఆ కోడ్‌లో చేరిన చిన్నచిన్న నియమాలు, అంటే ఫలానా రూటుకి రవాణా కోత, ఫ్యాట్ ఇంత కంటే తగ్గితే వేరే చార్టు లాంటివి, ఎక్కడా కాగితం మీద ఉండవు. కోడ్‌లో మాత్రమే ఉంటాయి. కొత్తగా రాసేటప్పుడు వాటిలో సగం మర్చిపోతారు. ఆ సంగతి మీకు రైతు చెప్తాడు, అదీ బిల్లు రోజున. ముందు ఉన్నదాన్ని ఉన్నట్టుగా, అదే లెక్క అదే పైసలతో, బతికున్న వెర్షన్ల మీదకి తీసుకురండి. మీరొక్కరే అయితే దీనికి రెండు మూడు నెలలు పడుతుందని మేనేజర్ గారికి ఈ రోజే చెప్పేయండి.

ఎందుకు మార్చాలో ఆయనకి చెప్పడానికి ఈ తేదీలు పనికొస్తాయి. పీహెచ్‌పీ 5.3కి మద్దతు 2014 ఆగస్టులోనే ఆగిపోయింది. సెంట్‌ఓఎస్ 6కి 2020 నవంబరు 30న. ఆ తర్వాత బయటపడిన ఏ భద్రతా లోపానికీ మీ సర్వర్‌కి ప్యాచ్ రాలేదు, రాదు. వెళ్లాల్సిన చోటు విషయంలో నా సలహా ఉబుంటు 24.04 అనే ఆపరేటింగ్ సిస్టమ్. అందులో పీహెచ్‌పీ 8.3 దానంతటదే వస్తుంది, 2029 దాకా మామూలు మద్దతు ఉంటుంది. మైఎస్‌క్యూఎల్ మాత్రం 8.0 కాకుండా 8.4 పెట్టుకోండి. 8.0 గడువు 2026 ఏప్రిల్‌తో సరి. అన్నిటికంటే కొత్త పీహెచ్‌పీ వెనక పరిగెత్తే పని లేదు. ఇలాంటి ఆఫీసు అప్లికేషన్‌ని ఏటా ముట్టుకునే నాథుడు ఉండడు కాబట్టి ఎక్కువ కాలం నిలిచేది చూసుకోవాలి.

ఇప్పుడు అసలు విషయం. ఇలాంటి మార్పిడుల్లో తప్పులు రెండు రకాలు. కొన్ని అరుస్తాయి: తెల్ల పేజీ, ఫాటల్ ఎర్రర్. వాటికి భయపడక్కర్లేదు, అవి తమంతట తామే కనిపిస్తాయి, లైన్ నంబరు కూడా చెప్తాయి. కొన్ని అరవవు. పేజీ చక్కగా వస్తుంది, బిల్లు ప్రింటవుతుంది, కానీ లెక్క వేరు. నా టైమంతా ఈ రెండో రకానికే పోతుంది, మీదీ అక్కడే పెట్టండి.

అరిచేవాటిని త్వరగా ముగిస్తాను. మీ తెల్ల పేజీకి కారణం దాదాపు ఖాయంగా మైఎస్‌క్యూఎల్_కనెక్ట్. మైఎస్‌క్యూఎల్_ అని మొదలయ్యే ఆ పాత ఫంక్షన్లన్నీ 2015 డిసెంబరులో వచ్చిన పీహెచ్‌పీ 7.0లోనే తీసేశారు. ఎర్రర్లు తెర మీద చూపించే సెట్టింగ్ ఆఫ్‌లో ఉండటం వల్ల పేజీ తెల్లగా వస్తోంది. లాగ్ ఫైల్ తెరిస్తే మొత్తం కథ ఉంటుంది. రెండొందల ఫైళ్లలో ఆ ఫంక్షన్లని ఒక్కొక్కటిగా మార్చాలని కూర్చోకండి. ఆ పేర్లు ఇప్పుడు ఖాళీగా ఉన్నాయి కాబట్టి ఒక ఫైల్‌లో అవే పేర్లతో మీరే ఫంక్షన్లు రాసి, లోపల మైఎస్‌క్యూఎల్‌ఐని (పాతవాటి బదులు పీహెచ్‌పీలో ఉన్న కొత్త ఫంక్షన్లని) పిలవండి. నూట యాభై లైన్లు కూడా కావు. మైఎస్‌క్యూఎల్_రిజల్ట్ లాంటి కొన్నిటికి మాత్రం నేరుగా జోడీ లేదు, చేత్తో రాయాలి. ఇది తాత్కాలిక వంతెన మాత్రమే. దీని మీద అప్లికేషన్ నడవడం మొదలయ్యాక లాగిన్, వెతుకులాట, బ్యాంకు వివరాల పేజీలని ముందుగా ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లకి (క్వెరీని, అందులోకి వెళ్లే విలువలని విడివిడిగా పంపే పద్ధతికి) మార్చుకుంటూ రండి.

ఒకేసారి 5.3 నుంచి 8.3కి దూకకుండా మీ టెస్ట్ మెషీన్‌లో 7.4 దగ్గర ఒక మజిలీ వేయండి. ఈచ్, క్రియేట్_ఫంక్షన్ లాంటివి, స్ట్రింగ్‌లో అక్షరాన్ని మీసాల బ్రాకెట్లతో తీసే పద్ధతి, ఇవన్నీ 7.4లో ఇంకా పనిచేస్తూనే 'ఇది పోబోతోంది' అని లాగ్‌లో రాస్తాయి. 8.0లో పూర్తిగా పోయాయి. అంటే 7.4 లాగ్ మీకు ఉచితంగా దొరికే పనుల జాబితా. పీహెచ్‌పీ కంపాటిబిలిటీ అనే కోడ్ స్నిఫర్ నియమాల సెట్, రెక్టార్ అనే టూల్ కూడా ఈ పనికే ఉన్నాయి. మొదటిది చూపిస్తుంది, రెండోది మార్చేస్తుంది. రెక్టార్‌ని వాడే ముందు కోడ్ మొత్తం గిట్‌లో (ప్రతి మార్పునీ గుర్తుపెట్టుకునే టూల్) పెట్టండి. అది ఏం మార్చిందో ఒక్కో ఫైలూ చదివాకే ఒప్పుకోండి. నేను ఒకసారి కళ్లు మూసుకుని ఒప్పుకున్నాను, ఆ తర్వాత వారం రోజులు దాన్ని సరిచేసుకోవడానికే సరిపోయింది.

ఇంకో అరిచే తప్పు ఉంది, కాకపోతే ఆలస్యంగా అరుస్తుంది. పీహెచ్‌పీ 8.1 నుంచి మైఎస్‌క్యూఎల్‌ఐ క్వెరీ విఫలమైతే ఫాల్స్ ఇచ్చి ఊరుకోదు, ఎక్సెప్షన్ విసురుతుంది. పాత కోడ్‌లో 'ముందు ఇన్సర్ట్ చెయ్, కుదరకపోతే అప్‌డేట్ చెయ్' అనే పద్ధతి తరచుగా ఉంటుంది. ఒకే పూట ఒకే రైతు రెండోసారి పాలు పోస్తే ఇప్పుడు పేజీ అక్కడికక్కడే చచ్చిపోతుంది. టెస్ట్‌లో రైతు ఒక్కసారే పోస్తాడు కాబట్టి మీకిది కనపడదు. మీ వంతెన ఫైల్‌లోనే ఆ ఎక్సెప్షన్‌ని పట్టుకుని, లాగ్‌లో రాసి, పాతలాగే ఫాల్స్ ఇచ్చేట్టు చేయండి.

ఇక తెలుగు పేర్ల సంగతి. మీ ప్రశ్నలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే.

తెరమీద చెత్తని జాగ్రత్తగా చూడండి. ఇంగ్లిష్ 'ఏ' చిన్న అక్షరం మీద వాలు గీత, పక్కనే డిగ్రీ గుర్తు లేదా ప్లస్-మైనస్ గుర్తు, మళ్లీ అదే వరస కనిపిస్తోందా? అయితే మీ డేటా చెడిపోలేదు, తప్పుగా చదువుతున్నారు అంతే. యూనికోడ్‌లో తెలుగుకి ఇచ్చిన 128 స్థానాల్లో ఏ అక్షరమైనా యూటీఎఫ్-8లో (యూనికోడ్ అక్షరాలని బైట్లుగా రాసే పద్ధతి) మూడు బైట్లు. మొదటి బైటు ఎప్పుడూ ఒకటే, రెండో బైటు రెండింటిలో ఒకటి. వాటిని లాటిన్1 (ఒక్కో బైటూ ఒక్కో అక్షరం అనుకునే పాత పద్ధతి) అనుకుని చదివితే మొదటి బైటు ఆ గీత ఉన్న 'ఏ'గా, రెండోది డిగ్రీ గుర్తుగానో ప్లస్-మైనస్‌గానో కనిపిస్తుంది. తెలుగు డేటాతో పనిచేసేవాళ్లకి ఈ జంట ఆనవాలు లాంటిది. తెరమీద ప్రశ్నార్థకాలు వరసగా కనిపిస్తే మాత్రం గుండె జారాలి. అక్కడ డేటా నిజంగానే పోయి ఉండొచ్చు, పోతే బ్యాకప్ తప్ప దారి లేదు.

ఎలా వచ్చిందిది? 2012లో ఆ ప్రోగ్రామర్ టేబుల్స్ చేసేటప్పుడు క్యారెక్టర్ సెట్ గురించి ఆలోచించలేదు. మైఎస్‌క్యూఎల్ 5.1లో ఏమీ చెప్పకపోతే లాటిన్1. పీహెచ్‌పీ కనెక్షన్ కూడా లాటిన్1. బ్రౌజర్ యూటీఎఫ్-8 బైట్లు పంపింది, డేటాబేస్ వాటిని ముట్టుకోకుండా దాచింది, అడిగినప్పుడు అలాగే తిరిగిచ్చింది. ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ ఒకే పొరపాటు కాబట్టి పన్నెండేళ్లు తెలుగు చక్కగా కనిపించింది. కొత్త సర్వర్‌లో కనెక్షన్ యూటీఎఫ్8ఎంబీ4, అంటే మైఎస్‌క్యూఎల్‌లో పూర్తి యూటీఎఫ్-8. డేటాబేస్ 'ఇవి లాటిన్1 అక్షరాలు కదా, మార్చి ఇస్తాను' అని ఒక్కో బైటునీ విడిగా మార్చి ఇస్తోంది. బండారం బయటపడింది.

ఇక్కడే చాలామంది ఒక పని చేస్తారు, నేనూ చేశాను. టేబుల్ మొత్తాన్ని 'కన్వర్ట్ టు క్యారెక్టర్ సెట్' అని ఒక్క కమాండ్‌తో మార్చేస్తారు. వినడానికి సరైన పనే. కానీ ఆ కమాండ్ చేసేది కూడా ఇదే, ఒక్కో బైటునీ లాటిన్1 అక్షరంగా నమ్మి మారుస్తుంది. ఇప్పటిదాకా చదవడంలోనే ఉన్న తప్పు దాంతో డేటాలోకే ఎక్కుతుంది. నేను అది నడుస్తున్న డేటాబేస్ మీద చేశాను, ఒక శుక్రవారం సాయంత్రం, ఇంటికి వెళ్లే తొందరలో. ముందురోజు బ్యాకప్ ఉంది కాబట్టి ఈ రోజు మీకు ఇది చెప్పగలుగుతున్నాను.

కాబట్టి ముందు పరీక్ష చేయండి. రైతుల టేబుల్‌లో తెలుగు పేరున్న ఒక వరస తీసుకుని ఆ పేరుని హెక్స్ ఫంక్షన్‌లో (లోపలున్న బైట్లని ఉన్నవున్నట్టు చూపిస్తుంది) పెట్టి చూడండి. ఫలితం ఈ0 బీ0 లేదా ఈ0 బీ1తో మొదలైతే బైట్లు శుభ్రంగా ఉన్నాయి, కాలమ్ మీద చీటీ మాత్రమే తప్పు. సీ3 ఏ0 సీ2 బీ0 అని మొదలైతే ఇప్పటికే ఎవరో ఒకసారి రెండింతల మార్పిడి చేసేశారు. రెండు రోగాలకీ రెండు వేర్వేరు మందులు.

మొదటి దానికి కాలమ్‌ని నేరుగా యూటీఎఫ్8ఎంబీ4కి మార్చకూడదు. ముందు వార్‌బైనరీకి మార్చండి, టెక్స్ట్ అయితే బ్లాబ్‌కి. బైనరీ అంటే 'ఇవి అక్షరాలు కావు, ఒట్టి బైట్లు, ముట్టుకోకు' అని. ఆ తర్వాత బైనరీ నుంచి యూటీఎఫ్8ఎంబీ4 వార్‌చార్‌కి మార్చండి. రెండు అడుగుల్లో చీటీ మారుతుంది, సరుకు మారదు. రెండో రోగానికి ఆ విలువని లాటిన్1కి వెనక్కి మార్చి, బైనరీ చేసి, దాన్ని యూటీఎఫ్8ఎంబీ4గా చదివి, అదే కాలమ్‌లోకి అప్‌డేట్ చేయాలి. ఒకే టేబుల్‌లో కొన్ని వరసలు మొదటి రకం, కొన్ని రెండో రకం కూడా ఉండొచ్చు. మధ్యలో ఎవరో కనెక్షన్ సెట్టింగ్ మారిస్తే అలా జరుగుతుంది. కాబట్టి హెక్స్ మొదటి నాలుగు బైట్లతో గ్రూప్ చేసి లెక్క చూసుకోండి.

డంప్ తీసేటప్పుడు, అంటే డేటాబేస్ మొత్తాన్ని ఒక ఫైల్‌లోకి రాసేటప్పుడు, ఇంకో మెలిక ఉంది. మైఎస్‌క్యూఎల్‌డంప్ మామూలుగా యూటీఎఫ్-8లో రాస్తుంది కాబట్టి మీ లాటిన్1 కాలమ్‌లోని బైట్లు డంప్ ఫైల్‌లో రెండింతలై కనిపిస్తాయి. కంగారు పడకండి. దాన్ని మళ్లీ లాటిన్1 టేబుల్స్‌లోకే ఎక్కిస్తే వెనక్కి సరిగ్గా వస్తాయి. చేయకూడనిది ఒక్కటే: ఎక్కించే ముందే ఎడిటర్‌లో ఫైల్ తెరిచి లాటిన్1 అన్న చోటల్లా యూటీఎఫ్8ఎంబీ4 అని మార్చేయడం. ఉన్నది ఉన్నట్టు ఎక్కించండి, లోపలికి వచ్చాక పైన చెప్పిన రెండడుగుల మార్పు చేయండి. మైఎస్‌క్యూఎల్ అనే పేరుతో ఉండే సిస్టమ్ డేటాబేస్‌ని మాత్రం డంప్‌లో తేవద్దు, యూజర్లని కొత్తగా చేసుకోండి.

తెగిపోయిన పేర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పేరు కాలమ్ వార్‌చార్ 40 అనుకుందాం. లాటిన్1లో 40 అంటే 40 బైట్లు. 'వెంకటలక్ష్మమ్మ' అని రాస్తే కంటికి ఆరు అక్షరాలే. లోపల ఒత్తులూ గుణింతాలూ కలిపి 14 కోడ్లు, అంటే 42 బైట్లు. పాత మైఎస్‌క్యూఎల్ స్ట్రిక్ట్ కాదు కాబట్టి చివరి రెండు బైట్లు కోసేసి నోరు మూసుకుంది. ఆ పేరు పన్నెండేళ్లుగా చివర పొల్లుతో, దాని పక్కన ఒక విరిగిన బైటుతో ఉండి ఉంటుంది. పాత అప్లికేషన్‌లో చివర ఒక చిన్న డబ్బాలా కనిపించినా ఎవరూ పట్టించుకుని ఉండరు. కొత్త చోట ఆ విరిగిన బైటు వల్ల మార్పిడి 'తప్పు స్ట్రింగ్ విలువ' అని ఆగిపోతుంది. ఒకవేళ ఎలాగో దాటినా ఆ పేరున్న జాబితాని జేసన్‌గా మార్చబోతే జేసన్_ఎన్‌కోడ్ మొత్తం జాబితాకే ఫాల్స్ ఇస్తుంది. ఒక్క వెంకటలక్ష్మమ్మ వల్ల ఊరంతా మాయం. పేరు పొడవు సరిగ్గా 40 బైట్లు ఉన్న వరసలన్నీ, ఇంకా కొంచెం వెనక్కి 38 నుంచీ, బయటికి తీసి, సభ్యత్వ రిజిస్టర్ చూసి చేత్తో సరిచేయించండి. ఈ పని సంఘం గుమస్తా మీకంటే బాగా చేస్తారు.

కోడ్‌లో కూడా సబ్‌స్ట్రింగ్, స్ట్రింగ్ లెంగ్త్ వాడిన చోట్లు చూడండి. రసీదు మీద పేరు పట్టదని మొదటి 30కి కోసే లైన్లు తప్పకుండా ఉంటాయి. అవి బైట్లని కోస్తాయి. ఎంబీ_ అని మొదలయ్యే ఫంక్షన్లు ఒక కోడ్‌ని మధ్యలో కోయవు కానీ ఒత్తుని విడదీస్తాయి. పీహెచ్‌పీ ఇంటల్ ఎక్స్‌టెన్షన్‌లోని గ్రాఫీమ్ ఫంక్షన్లు (కంటికి కనిపించే అక్షరాన్ని ఒకటిగా చూసేవి) మేలు. ఇంకో మాట. మీ పాత డేటాలో కొంత భాగం అను ఫాంట్లలో టైప్ చేసినది అయితే, అంటే ఫాంట్ తీసేస్తే ఇంగ్లిష్ చెత్త కనిపించే రకమైతే, పైన చెప్పినదేదీ దానికి పనిచేయదు. దానికి వేరే కన్వర్టర్ కావాలి.

ఇప్పుడు లెక్కల్లో అరవని తప్పులకి వద్దాం.

పీహెచ్‌పీ 8లో పోలిక మారింది. ఇంతకు ముందు అంకె సున్నాని ఖాళీ స్ట్రింగ్‌తో రెండు సమానాల గుర్తుతో పోలిస్తే 'సమానమే' అనేది. 8.0 నుంచి 'కాదు' అంటుంది. మీ బిల్లు కోడ్‌లో ఫ్యాట్‌ని ఫ్లోట్‌గా మార్చి, అది ఖాళీ అయితే ఆ పూటని వదిలేయ్ అనే లైన్ ఉందనుకోండి. మెషీన్ పనిచేయని రోజు ఫ్యాట్ నమోదు కాకపోతే పాత అప్లికేషన్ ఆ పూటని పక్కన పెట్టి గుమస్తాకి చూపించేది. కొత్తది ఫ్యాట్ సున్నా అనుకుని, చార్టులో అన్నిటికంటే తక్కువ రేటు కట్టి, మారు మాట్లాడకుండా బిల్లు ఇచ్చేస్తుంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. రెండు సమానాలతో ఖాళీ స్ట్రింగ్‌ని, సున్నాని పోల్చే ప్రతి చోటునీ వెతికి చదవక తప్పదు. ఏ టూలూ ఇక్కడ మీ బదులు ఆలోచించదు.

టైమ్‌జోన్ ఇంకోటి. కొత్త పీహెచ్‌పీలో సెట్ చేయకపోతే యూటీసీ (అంతర్జాతీయ ప్రమాణ సమయం). మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందు. పాలు పోసేది ఎప్పుడు? తెల్లవారి ఐదింటికి. అది యూటీసీలో ముందురోజు రాత్రి 11:30. అంటే ఉదయం ఐదున్నరకి ముందు పోసిన పాలన్నీ నిన్నటి తేదీలో పడతాయి. మామూలు రోజుల్లో ఎవరూ గమనించరు. పదహారో తారీఖు ఉదయం పోసినవి పదిహేనుతో ముగిసే బిల్లులోకి వెళ్తాయి, అప్పుడు గొడవ. నేను చూసిన ఒక చోట దీన్ని కనిపెట్టింది ఇంజినీరు కాదు, చేతి పుస్తకం రాసుకునే ఒక పెద్దాయన. పీహెచ్‌పీలో ఏషియా/కోల్‌కతా పెట్టడంతో సరిపోదు. కోడ్‌లో డేటాబేస్ వైపు నౌ ఫంక్షన్ కూడా వాడి ఉంటారు కాబట్టి మైఎస్‌క్యూఎల్ టైమ్‌జోన్ కూడా ప్లస్ 5:30కి పెట్టండి.

వరస క్రమం కూడా మారుతుంది. మైఎస్‌క్యూఎల్ 5.7 దాకా గ్రూప్ బై అంటే దానంతటదే వరసలో పెట్టేది. 8.0 నుంచి ఆ అలవాటు మానేసింది. పైగా మీ పాత టేబుల్స్ మైఐసామ్ అనే స్టోరేజ్ ఇంజిన్‌లో ఉండి ఉంటాయి, 5.1లో అదే డీఫాల్ట్. వాటిని ఇన్నోడీబీకి మార్చండి, కరెంటు పోయినప్పుడల్లా టేబుల్ రిపేర్ చేసే బాధ పోతుంది. కానీ మైఐసామ్‌లో ఆర్డర్ బై లేకపోయినా చాలావరకు నమోదు చేసిన క్రమంలో వచ్చేవి, ఇన్నోడీబీలో మామూలుగా ప్రైమరీ కీ క్రమంలో వస్తాయి. 'చివరి వరస తీసుకో' అని కోడ్ రాసి ఉంటే ఇప్పుడు చివరిది వేరే. రేటు చార్టులో తాజా రేటు తీసే క్వెరీని నేనైతే మొట్టమొదట చూస్తాను.

కొత్త మైఎస్‌క్యూఎల్ స్ట్రిక్ట్ మోడ్‌లో పుడుతుంది. పుట్టినతేదీ సున్నాలతో నింపిన వరసలని ఒప్పుకోదు, గ్రూప్ బైలో లేని కాలమ్ అడిగితే ఒప్పుకోదు. ఎస్‌క్యూఎల్_మోడ్‌ని ఖాళీ చేస్తే అన్నీ పోతాయని ఎక్కడ వెతికినా చెప్తారు. చెయ్యకండి. వెంకటలక్ష్మమ్మ పేరు తెగింది ఆ ఖాళీ మోడ్ వల్లే. సున్నాల తేదీలని నల్‌గా మార్చి, కోడ్‌లో వాటిని పోల్చే చోట్లు కూడా మార్చండి. గ్రూప్ బై ఎర్రర్ వచ్చిన ప్రతి క్వెరీ ఇన్నాళ్లూ ఏదో ఒక వరస నుంచి తోచిన విలువ తెచ్చి ఇస్తున్నట్టే లెక్క. ర్యాంక్, గ్రూప్స్, సిస్టమ్ లాంటి మాటలు 8.0లో రిజర్వ్ అయ్యాయి, ఆ పేర్లతో కాలమ్స్ ఉంటే బ్యాక్‌టిక్స్ పెట్టాలి. అది అరిచే రకమే.

పాత సర్వర్‌ని ఆపకముందే చూడాల్సినవి రెండున్నాయి. పాత పీహెచ్‌పీ.ఐఎన్‌ఐలో (పీహెచ్‌పీ సెట్టింగ్స్ ఫైల్) మ్యాజిక్ కోట్స్ ఆన్‌లో ఉందా చూడండి. ఉంటే ఫారంలో వచ్చే ప్రతి కోట్ గుర్తుకీ పీహెచ్‌పీయే ముందు ఒక స్లాష్ పెట్టేది, ఆ కోడ్ రాసినాయన దాని మీదే ఆధారపడి ఉంటాడు. 5.4లో అది తీసేశారు. అదే కోడ్ కొత్త చోట చక్కగా నడుస్తుంది, కాకపోతే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌కి (ఫారంలో క్వెరీ ముక్క టైప్ చేసి డేటాబేస్‌లో చొరబడటానికి) తలుపులు బార్లా తెరిచి పెట్టి. షార్ట్ ఓపెన్ ట్యాగ్ సంగతి కూడా అంతే. పాత ఫైళ్లు పీహెచ్‌పీ అన్న మాట లేకుండా ఒట్టి ప్రశ్నార్థకంతో మొదలైతే, కొత్త సర్వర్‌లో అది ఆఫ్‌లో ఉండి మీ కోడ్ అంతా, పాస్‌వర్డ్‌తో సహా, బ్రౌజర్‌లో అచ్చవుతుంది.

రెండోది ఎన్‌క్రిప్షన్. రైతుల బ్యాంకు ఖాతా నంబర్లని ఎమ్‌క్రిప్ట్ అనే పాత పీహెచ్‌పీ ఎక్స్‌టెన్షన్‌తో దాచి ఉంటే ఇప్పుడే చెప్తున్నాను, క్రమం ముఖ్యం. ఎమ్‌క్రిప్ట్‌ని 7.2 నుంచి పీహెచ్‌పీతో పాటు ఇవ్వడం లేదు. అప్పట్లో చాలామంది వాడిన రైన్‌డాల్ 256 అనేది ఏఈఎస్ 256 కాదు, దాని బ్లాక్ సైజే వేరు, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో విప్పలేరు. కాబట్టి పాత మెషీన్ బతికుండగానే, దాని మీదే, విప్పి తెచ్చుకుని, కొత్త చోట ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో మళ్లీ మూయాలి. లాగిన్ పాస్‌వర్డ్లు ఎమ్‌డీ5లో ఉంటే విప్పే పని లేదు. ఎవరైనా లాగిన్ అయినప్పుడు పాత పద్ధతిలో సరిచూసి, అప్పటికప్పుడు పాస్‌వర్డ్_హ్యాష్‌తో కొత్తది రాసుకోండి.

ఈ డేటాబేస్‌ని మీ వెబ్ అప్లికేషన్ ఒక్కటే వాడుతోందని అనుకోకండి. సేకరణ కేంద్రాల్లో పాల పరీక్ష మెషీన్‌కి తగిలించిన పీసీలో ఏదో పాత విండోస్ ప్రోగ్రామ్ పాత ఓడీబీసీ డ్రైవర్‌తో నేరుగా కనెక్ట్ అవుతూ ఉండొచ్చు. మైఎస్‌క్యూఎల్ 8.4లో పాత నేటివ్ పాస్‌వర్డ్ పద్ధతి ఆఫ్‌లో ఉంటుంది, ఆ డ్రైవర్లు లోపలికి రాలేవు. ఒక వారం రోజులు పాత సర్వర్‌లో జనరల్ లాగ్ ఆన్ చేసి ఎవరెవరు వస్తున్నారో ఐపీలు రాసుకోండి. ఆ లాగ్ డిస్క్ నింపేస్తుంది, రోజూ ఖాళీ చేయాలి. డిస్క్ అసలే శబ్దం చేస్తోందన్నారు, కాబట్టి ఇవన్నీ మొదలుపెట్టే ముందు, ఈ రాత్రే, మొత్తం డిస్క్ ఇమేజ్ తీసి వీఎంగా (వర్చువల్ మెషీన్‌గా) బూట్ అవుతుందో లేదో చూడండి. మీ పనికి పాత సర్వర్ అంటే ఇకనుంచి ఆ వీఎమ్మే.

ఆ వీఎమ్మే మీ పరీక్ష సాధనం కూడా. అయిపోయిన ఒక పదిహేను రోజుల బిల్లు తీసుకోండి. ఒకే డేటాతో పాత వీఎంలో ఒకసారి, కొత్త సర్వర్‌లో ఒకసారి బిల్లు వేసి రెండు ఫలితాలనీ డిఫ్ చేయండి, అంటే లైనుకి లైను పోల్చి తేడాలు చూడండి. ఒక్క పైసా తేడా వచ్చినా కారణం దొరికేదాకా వదలొద్దు. ఎండాకాలం బిల్లు ఒకటి, పాలు ఎక్కువ వచ్చే చలికాలం బిల్లు ఒకటి, రేటు మధ్యలో మారిన బిల్లు ఒకటి, మెషీన్ పాడైన రోజులున్న బిల్లు ఒకటి. డబ్బు ఫ్లోట్ కాలమ్‌లో దాచి ఉంటే చివరి పైసల్లో తేడాలు వస్తాయి. వాటిని డెసిమల్‌కి మార్చండి, కానీ మార్చేది డిఫ్ శుభ్రంగా వచ్చాక. రెండూ ఒకేసారి చేస్తే ఏ తేడా దేనివల్ల వచ్చిందో తేల్చుకోలేరు.

మారే రోజుగా బిల్లు ముగిసిన మర్నాడు, ఉదయం పూటకీ సాయంత్రం పూటకీ మధ్య సమయం పెట్టుకోండి. ఉదయం లెక్కలు పాతదాంట్లో ముగిశాక దాన్ని చదవడానికి మాత్రమే ఉండేట్టు చేసి, ఆఖరి డంప్ తీసి ఎక్కించి, మార్పిడి స్క్రిప్టులు నడిపించండి. అవన్నీ అప్పటికి కనీసం మూడుసార్లు రిహార్సల్ అయి, ఎంతసేపు పడుతుందో గడియారం చూసి రాసుకుని ఉండాలి. సాయంత్రం నాలుగింటికల్లా కాకపోతే పాతదానికి వెనక్కి వెళ్లిపోతామని ముందే తేల్చుకోండి. కొత్తదాంట్లో మొదటి రైతు పాలు నమోదయ్యాక వెనక్కి వెళ్లడం చాలా కష్టం. ఆ సాయంత్రం, మర్నాడు ఉదయం కేంద్రాల్లో చేతి పుస్తకం కూడా రాయమనండి. సణుగుతారు, అయినా రాయించండి.

పాత మెషీన్‌ని నెట్‌వర్క్ కేబుల్ పీకి, ఆ ఏడాది ఆడిట్ అయ్యేదాకా అలాగే ఉంచండి. ఎవరూ ఆన్ చేయకుండా పవర్ కేబుల్ మీ డ్రాయర్‌లో పెట్టుకోండి. మొదటి పని మాత్రం ఆ హెక్స్ పరీక్షే. ఓ పది పేర్లకి ఏమొచ్చిందో రాస్తే, మీది ఒక రోగమో రెండూ కలిసి ఉన్నాయో చెప్పగలను.